ఒక్క రాత్రిలో వెనక్కి పోయిన డీల్: సత్యం, మేటాస్, విదేశీ షేర్‌హోల్డర్లు… మరి మన ఓటు?

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం పెద్దదే. కానీ మీ ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ ఉంటే, కనీసం నెలకి ఒక చిన్న సిప్ అయినా కడుతుంటే, చివరిదాకా ఉండండి. ఒక మాట ముందే చెప్తున్నా: ఇది ఏ షేరూ కొనమనో అమ్మమనో సలహా కాదు.

సరే, ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి కోచింగ్‌కి పరిగెత్తేవాళ్లు మన వ్యూయర్స్‌లో చాలామందే ఉన్నారు. ఈ లైను మొదట ఎవరు కట్టాల్సిందో తెలుసా? ఎల్ అండ్ టీ కాదు. 2008లో మియాపూర్–ఎల్బీ నగర్ లైనుతో సహా మూడు లైన్ల హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు దక్కింది మేటాస్ ఇన్‌ఫ్రా ముందుండి నడిపిన గ్రూపుకి. ఇలాంటి ప్రాజెక్టులకి మామూలుగా కంపెనీలే ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతాయి. వీళ్లు మాత్రం ప్రభుత్వానికే ఎదురు 30,311 కోట్లు కడతామన్నారు! అప్పుడు ఢిల్లీ మెట్రోని నడిపిస్తున్న శ్రీధరన్ గారు కేంద్ర ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, దీని వెనక భూముల లెక్క ఉందేమోనని అనుమానం చెప్పారు. 2008 సెప్టెంబర్‌లో సంతకాలైన ఆ ఒప్పందం 2009 జులైలో రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీకి వెళ్లింది. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్‌కి రైలు కదిలేసరికి 2018 సెప్టెంబర్ వచ్చింది.

ఆ సంతకాలకీ ఆ రద్దుకీ మధ్యలో ఒక రాత్రి ఉంది. 2008 డిసెంబర్ 16. ఆ రాత్రి మన హైదరాబాద్ కంపెనీ ఒకటి తీసుకున్న నిర్ణయాన్ని ఎక్కడో న్యూయార్క్‌లో, లండన్‌లో కూర్చున్న ఇన్వెస్టర్లు వెనక్కి తిప్పించారు. వాళ్లు ఓనర్లు కాదు. మైనారిటీ షేర్‌హోల్డర్లు. అది ఎలా సాధ్యమైంది, దాని నుంచి మనం ఏం తీసుకోవాలి? ఇవాళ్టి టాపిక్ అదే.

ముందు మైనారిటీ షేర్‌హోల్డర్ అంటే ఎవరో చూద్దాం. కంపెనీని తన చేతిలో పెట్టుకునేంత వాటా లేని ప్రతి ఒక్కరూ మైనారిటీయే. పది షేర్లు ఉన్న మీరూ మైనారిటీయే, వందల కోట్లు పెట్టిన అమెరికా పెన్షన్ ఫండూ మైనారిటీయే. కంపెనీని నడిపేది ప్రమోటర్లు, మేనేజ్‌మెంట్, పైన బోర్డు. డబ్బు మనది, స్టీరింగ్ వాళ్ల చేతిలో. ఆ స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు బండిని సొంత ఇంటి వైపు తిప్పుకోకుండా చూసే ఏర్పాటునే కార్పొరేట్ గవర్నెన్స్ అంటారు.

ఇప్పుడు డిసెంబర్ 16కి వద్దాం. సత్యం కంప్యూటర్స్ అంటే అప్పట్లో హైదరాబాద్‌కి ఎంత గర్వమో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. 1987లో మొదలైంది, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఎక్కింది, 50 వేలకి పైగా ఉద్యోగులు. 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా తీసుకుంది! సరిగ్గా మూడు నెలలకి, ఆ రోజు సాయంత్రం మన మార్కెట్ మూసేశాక, ఒక ప్రకటన ఇచ్చింది: మేటాస్ ప్రాపర్టీస్‌ని మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాని కొంటున్నాం, ఖర్చు దాదాపు 160 కోట్ల డాలర్లు.

మేటాస్ ఎవరిది? సత్యం ఛైర్మన్ రామలింగరాజు గారి కొడుకులు నడిపే కంపెనీలు. ఇంగ్లిష్‌లో సత్యం స్పెల్లింగ్‌ని వెనక నుంచి చదవండి, మేటాస్ వస్తుంది. అంటే నాన్న నడిపే కంపెనీలో ఉన్న జనం డబ్బుతో కొడుకుల కంపెనీలు కొనడం. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములు, కాంట్రాక్టులు ఎందుకు? అదీ ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉన్నప్పుడు! షేర్‌హోల్డర్లని అడగలేదు, బోర్డు ఓకే చాలన్నారు. ఆ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లు, ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉన్నారు. వాళ్లూ ఆమోదించేశారు.

ఆ సాయంత్రమే ఇన్వెస్టర్లతో కాన్ఫరెన్స్ కాల్ పెట్టారు. ఫండ్ మేనేజర్లు గట్టిగా నిలదీశారు. ఇక్కడ చీకటి పడే టైమ్‌కి న్యూయార్క్‌లో మార్కెట్ తెరుస్తారు కదా. అక్కడ ట్రేడ్ అయ్యే సత్యం ఏడీఆర్, అంటే అమెరికాలో మన షేరుకి బదులుగా నడిచే కాగితం, ఆ ఒక్క రోజే 50 శాతానికి పైగా పడిపోయింది. మన మార్కెట్ మళ్లీ తెరిచేలోపే సత్యం డీల్‌ని రద్దు చేసుకుంది. బోర్డు ఊ అన్నదాన్ని మైనారిటీ ఇన్వెస్టర్లు ఒక్క రాత్రిలో ఊహూ అనిపించారు.

మరి మేనేజ్‌మెంట్ ఎందుకు తల వంచింది? మంచితనంతో కాదు. మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి, ప్రమోటర్ల వాటా. అప్పటికి రాజు గారి కుటుంబం చేతిలో ఉన్నది 9 శాతం కన్నా తక్కువ. అందులోనూ చాలా షేర్లు తాకట్టులో ఉన్నాయి. కంపెనీలో పెద్ద భాగం సంస్థల దగ్గరుంది, వాటిలో విదేశీ ఫండ్లది పెద్ద వాటా. అందరూ కలిసి తిరగబడితే కుర్చీ ఉండదు.

రెండు, వెళ్లిపోగల శక్తి. పెద్ద ఫండుకి కోపం వస్తే ధర్నా చేయదు, అమ్మేస్తుంది. షేరు ధర కూలుతుంది. తాకట్టు షేర్ల మీద అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్మేసుకుంటారు. అంటే ప్రమోటర్ మెడకే ఉచ్చు. తర్వాత జరిగింది కూడా అదే.

మూడు, న్యూయార్క్. అక్కడ లిస్ట్ అయ్యాక అక్కడి చట్టం వర్తిస్తుంది, అక్కడి లాయర్లు వస్తారు. ఇన్వెస్టర్లంతా కలిసి ఒకే కేసు వేసే క్లాస్ యాక్షన్ అక్కడ మామూలు విషయం.

ప్రశ్నించే గొంతు, వెళ్లిపోయే దారి, కోర్టుకెక్కే హక్కు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఆ ఇన్వెస్టర్లు డీల్‌ని ఆపింది మోసం ఉందని తెలిసి కాదు. ఇది మాకు నష్టం అని ఆపారు, అంతే. కానీ వాళ్లకి తెలియకుండానే ఒక పెద్ద గుట్టు మీద మూత తీశారు. 2009 జనవరి 7న రామలింగరాజు గారు రాజీనామా లేఖ రాశారు. పుస్తకాల్లో 5,361 కోట్ల క్యాష్ చూపిస్తున్నాం, అందులో 5,040 కోట్లు లేనే లేవు అని ఒప్పుకున్నారు. మేటాస్ డీల్ ఎందుకో కూడా అందులోనే ఉంది: లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నం అది.

అర్థం కాలేదా? హాస్టల్ మెస్ లెక్కలా చూడండి. మెస్ ఫండ్ 50 వేలు ఉందని పుస్తకంలో రాసి ఉంది. బీరువాలో ఉన్నది 3 వేలు. ఇంకో రెండు రోజుల్లో లెక్కలు చూస్తారు. మెస్ చూసే అతను ఏం చేశాడు? తన తమ్ముడి ఫ్రిజ్, గ్రైండర్, గ్యాస్ పొయ్యి కలిపి మెస్ 47 వేలకి కొన్నట్టు రాసేశాడు. తమ్ముడికి డబ్బు వెంటనే ఇవ్వక్కర్లేదు, ఇంట్లో మనిషే కదా. పుస్తకంలో మాత్రం లెక్క సరిపోయింది! 47 వేలు ఏమయ్యాయని ఎవరైనా అడిగితే ఫ్రిజ్ చూపించొచ్చు. హాస్టల్లో నలుగురు లేచి "తమ్ముడి ఫ్రిజ్ మాకెందుకన్నా?" అని అడ్డుపడ్డారనుకోండి. ఇక బీరువా తెరవక తప్పదు. సత్యంలో సరిగ్గా ఇదే జరిగింది.

డీల్ పోయాక మూడు వారాల్లో అన్నీ కూలాయి. డిసెంబర్ నెలాఖరులోగా నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. సలహాదారుగా వచ్చిన మెరిల్ లించ్ లెక్కల్లో తేడాలు చూసి తప్పుకుంది. లేఖ బయటికి వచ్చిన రోజు షేరు 179 రూపాయల నుంచి 40కి పడింది. ఎల్బీ నగర్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర వంద షేర్లు ఉన్నాయనుకోండి. పొద్దున 17,900, సాయంత్రానికి 4,000. ఆయన ఆ కాన్ఫరెన్స్ కాల్‌లో లేరు. న్యూయార్క్‌లో ఏడీఆర్ అమ్ముకునే అవకాశమూ లేదు.

అందుకే విదేశీ ఫండ్లని హీరోలని చేయకండి. ఏళ్ల తరబడి అదే సత్యం షేరుని ఎగబడి కొన్నది వాళ్లే. ఆడిటర్ సంతకం చూసి, అవార్డులు చూసి మనలాగే నమ్మారు. వాళ్లు కాపాడుకున్నది వాళ్ల డబ్బుని. ఆ పని చేస్తుంటే మనకి కూడా కొంత మేలు జరిగింది. అంతవరకే.

తర్వాత ఎవరికి ఎంత దక్కిందో వినండి. అమెరికాలో ఇన్వెస్టర్లు వేసిన క్లాస్ యాక్షన్ కేసులో, 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ వైపు నుంచి 2.55 కోట్ల డాలర్లు వచ్చాయి. మన దగ్గర? చిన్న ఇన్వెస్టర్ల తరఫున ఒక సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఊరట దొరకలేదు. అప్పటికి మన కంపెనీ చట్టంలో క్లాస్ యాక్షన్ అనేదే లేదు. ఇంకో చేదు నిజం: అమెరికా వాళ్లకి సత్యం కట్టిన డబ్బు ఎవరిది? కంపెనీది. అంటే ఇంకా షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లది. ఆ ఎల్బీ నగర్ పెద్దాయన అమ్మకుండా ఉంచుకుని ఉంటే, తను నష్టపోయింది చాలక వాళ్ల పరిహారంలో కూడా తన వాటా కట్టినట్టే లెక్క! ఒకే మోసం. పాస్‌పోర్టుని బట్టి, కొన్న మార్కెట్‌ని బట్టి రెండు రకాల న్యాయం.

కేసు సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజు గారికీ మరికొందరికీ ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పీలుకి వెళ్లి మే నెలలో బెయిల్ తెచ్చుకున్నారు. కంపెనీని 2009లోనే టెక్ మహీంద్రా కొనుక్కుంది.

ఇప్పుడు మార్పుల సంగతి. సత్యం దెబ్బ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో, ఆ తర్వాత సెబీ రూల్స్‌లో కొన్ని తలుపులు తెరిచారు. మొదటిది: కంపెనీ తన సొంతవాళ్లతో పెద్ద లావాదేవీ చేయాలంటే షేర్‌హోల్డర్ల ఆమోదం కావాలి. అందులో ఆ సొంతవాళ్లు అవునని ఓటు వేసుకోవడానికి లేదు. పెళ్లికొడుకు తరఫు వాళ్లే కట్నం లెక్క తేల్చకూడదు అన్నట్టు. మేటాస్ లాంటి డీల్ ఇవాళ వస్తే, ఒక్క బోర్డు మీటింగ్‌తో రాత్రికి రాత్రి అయిపోదు.

రెండోది: 245వ సెక్షన్. మనకి కూడా క్లాస్ యాక్షన్ వచ్చింది, 2016 నుంచి అమల్లో ఉంది. ఎంతమంది కావాలి? మొత్తం షేర్‌హోల్డర్లలో 5 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. వంద మంది! దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క గ్రూప్స్ కోచింగ్ బ్యాచ్‌లో అంతకన్నా ఎక్కువమంది కూర్చుంటారు.

మూడోది: ఈ-ఓటింగ్. ముంబైలో మీటింగ్ ఉంటే ముంబై వెళ్లక్కర్లేదు. ఫోన్ చాలు.

ఇక్కడ కొంచెం లెక్క నేర్చుకుందాం, మూడు నంబర్లే. 50, 25, 10.

మామూలు తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో సగానికి పైగా రావాలి. ప్రత్యేక తీర్మానానికి 75 శాతం కావాలి. అంటే పోలైన ఓట్లలో 25 శాతం దాటి వద్దంటే అది ఆగిపోతుంది. మైనారిటీకి నిజమైన బలం ఇక్కడే. 2018లో హెచ్‌డీఎఫ్‌సీలో దీపక్ పరేఖ్ గారి డైరెక్టర్ పదవి కొనసాగింపు ఓటుకి వచ్చింది. చాలా బోర్డుల్లో ఉన్నారు, టైమ్ ఎలా ఇస్తారన్నది అభ్యంతరం. ఆ కంపెనీలో అప్పట్లో విదేశీ ఇన్వెస్టర్లదే మెజారిటీ. ఆయనకి వచ్చింది 77.36 శాతం. ఇంకో రెండున్నర శాతం తగ్గుంటే ఓడిపోయేవారు. ఆ పరేఖ్ గారే 2009 జనవరిలో సత్యంని నిలబెట్టడానికి ప్రభుత్వం వేసిన బోర్డులో ఉన్నారు! అంత పేరున్న మనిషైనా ఓటు ముందు నిలబడాల్సిందే.

ఇక 10. కంపెనీలో పదో వంతు వాటా ఉంటే ప్రత్యేక సమావేశం పెట్టమని అడిగే హక్కు ఉంది. 2021లో జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో దాదాపు 18 శాతం వాటా ఉన్న అమెరికా ఫండ్ ఇన్వెస్కో, సీఈఓ పునీత్ గోయెంకాని తప్పించాలని అడిగింది. కంపెనీ మీటింగ్ పెట్టలేదు, కోర్టుకెళ్లింది. బాంబే హైకోర్టు సింగిల్ జడ్జి మొదట కంపెనీ వైపు ఆర్డర్ ఇచ్చారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టి, మీటింగ్ అడగడం షేర్‌హోల్డర్ల హక్కే అంది. గెలిచాక ఇన్వెస్కో ఏం చేసిందో తెలుసా? ఆ డిమాండ్‌ని వదిలేసింది. సోనీతో విలీనం జరిగితే చాలనుకుంది. చూశారా, వాళ్ల లెక్క ఎప్పుడూ వాళ్లదే.

ఏ లెక్కా పనిచేయని చోటు కూడా ఉంది. కోల్ ఇండియాలో బ్రిటన్ ఫండ్ టీసీఐకి దాదాపు 1 శాతం ఉండేది. ప్రభుత్వం చెప్పిందని బొగ్గుని మార్కెట్ రేటు కన్నా బాగా తక్కువకి అమ్ముతున్నారు, మాకు నష్టం అని 2012లో గొడవకి దిగింది, కోర్టుకెళ్లింది. కానీ అప్పట్లో కంపెనీలో 90 శాతం ప్రభుత్వానిదే. ఏ ఓటింగ్ పెట్టినా ఫలితం ముందే తెలుసు. చివరికి 2014లో వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. పైగా ఇక్కడ ఇంకో ప్రశ్న ఉంది: బొగ్గు రేటు పెరిగితే కరెంటు బిల్లు ఎవరికి పెరుగుతుంది? మనకే. విదేశీ ఫండ్ అడిగిందల్లా మన మంచికే అనుకోకూడదు, అడగడమే తప్పు అని కూడా అనకూడదు. ప్రతి తీర్మానాన్నీ విడిగా చూడాలి.

ఇప్పుడు అసలు మీ దగ్గరికి వస్తున్నా. గొంతు, దారి, కోర్టు అన్నాను కదా. 2008లో ఆ మూడూ వాళ్లకి ఉన్నాయి, మన చిన్న ఇన్వెస్టర్‌కి మిగిలింది నష్టం ఒక్కటే. ఇవాళ చట్టం మనకి కూడా ఆ మూడూ కొంతవరకు ఇచ్చింది. కానీ వాడుకునేది ఎవరు? నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్‌ని చూడండి. మన కంపెనీల్లో కూడా వాటాలు ఉన్న ఆ ఫండ్, మీటింగ్‌కి ఐదు రోజుల ముందే తన ఓటు ఏమిటో అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఓస్లోలో కూర్చుని మన కంపెనీ నోటీసు చదువుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చున్న మనకి అదే నోటీసు మెయిల్‌కి వస్తే, ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది!

కాబట్టి ఈ నాలుగు పనులు చేయండి. మొదటిది, మెయిల్‌లో ఈ-ఓటింగ్ అని వెతకండి. ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి వచ్చి ఉంటుంది. మీ డీమ్యాట్ వివరాలతో, ఓటీపీతో లాగిన్ అయితే తీర్మానాలు కనిపిస్తాయి. మీటింగ్‌కి ముందు రోజు సాయంత్రం 5 గంటలకి ఆ రిమోట్ ఓటింగ్ కిటికీ మూసేస్తారు, గుర్తుంచుకోండి.

రెండోది, నోటీసు మొత్తం చదవలేకపోతే మూడు చోట్ల ఆగండి: సొంతవాళ్ల కంపెనీలతో లావాదేవీ, పైవాళ్ల జీతాల పెంపు, ఆడిటర్ మార్పు. తమ్ముడి ఫ్రిజ్ దొరికేది ఇక్కడే.

మూడోది, ఓటింగ్ అయ్యాక ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో పెడతారు. ప్రమోటర్లు ఎంత, సంస్థలు ఎంత, మిగతా జనం ఎంత అని విడివిడిగా ఉంటుంది. తీర్మానం నెగ్గినా సంస్థలు ఎక్కువమంది వద్దన్నారంటే, ఎందుకన్నారో తెలుసుకోండి. అది మీకు ఉచితంగా దొరికే హెచ్చరిక.

నాలుగోది, సిప్ కట్టేవాళ్లకి. మీ బదులు ఓటు వేసేది ఫండ్ హౌస్. ఓటు వేయడం వాళ్లకి ఇప్పుడు తప్పనిసరి, ఎటు వేశారో, ఎందుకు వేశారో వెబ్‌సైట్‌లో చెప్పాలి. మీ డబ్బుతో వేసిన ఓటు అది. ఒక్కసారి తెరిచి చూడండి.

పది షేర్లతో నా ఓటు దేనికి అంటారేమో. నిజమే, ఒక్క మీ ఓటుతో ఏదీ ఆగదు. కానీ ప్రమోటర్ ఓటు పక్కన పెట్టాల్సిన తీర్మానంలో, 75 శాతం కావాల్సిన తీర్మానంలో లెక్కలోకి వచ్చేది పోలైన ఓట్లే. మనం ఓటు వేయకపోతే, మన కంపెనీలో మన తరఫున మాట్లాడే పని కూడా విదేశీ ఫండ్లకి వదిలేసినట్టే. వాళ్లు వాళ్ల అవసరం ఉన్నంతసేపే మాట్లాడతారు.

మీ దగ్గర ఉన్న ఏదైనా ఒక్క కంపెనీ ఈ-ఓటింగ్ మెయిల్‌ని ఇవాళే వెతికి, అందులో ఏ తీర్మానం ఉందో కామెంట్‌లో రాయండి. అర్థం కానివి ఉంటే వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చదువుదాం.